పదహారు నంబరు

నాయిన సంవత్సరికానికి దేవరకొండ పోయాను. చుట్టాలంతా బువ్వలు తిని వెళ్లిపోయాక, తమ్ముడు నిచ్చెన వేసి అటుక మీది సందుగను కిందికి దించాడు. మూత తీయగానే వాసన గుప్పుమన్నది. కలరా ఉండలు, ఎండిన వేపాకు, పాత రెగ్జిన్. వీటన్నిటి కింద ఎక్కడో వేడెక్కిన దుమ్ము వాసన. ఆంప్లిఫయర్ వెలిగించిన పది నిమిషాలకు మా దుకాణం నిండా కమ్ముకునే వాసన అది. ముప్పై ఏళ్లుగా వాటికి కరెంటు తగల్లేదు. అయినా ఆ వాసన ఎక్కడికీ పోలేదు. నేను అక్కడే గచ్చు మీద కూలబడ్డాను.

రికార్డులు చాలావరకు వంకరపోయాయి. కొన్నిటి మీద కాగితపు ముద్దర ఊడి, ఏ పాటో తెలియకుండా అయింది. వాటి కింద, చిన్న సూట్‌కేసు లాంటి పెట్టెలో, ప్లేయరు. వేగం మార్చే మీట పక్కన నాలుగు అంకెలుంటాయి: 16, 33, 45, 78. మూడు అంకెల మీది తెల్ల రంగు నాయిన బొటనవేలు రాసుకొని రాసుకొని సగం అరిగిపోయింది. 78లో ఎనిమిది సున్నా లాగ కనిపిస్తున్నది. 16 మాత్రం నిన్న అచ్చేసినట్టు ఉన్నది.

చిన్నప్పుడు అడిగాను. "నాయినా, గీ పదహారు ఎందుకు?"

"ఏమో బిడ్డా, చేసినోళ్లకు తెలుస్తది. మనకాడికి ఆ రికార్డు రాలే."

*

మాది మైక్‌సెట్ దుకాణం. బస్టాండు వెనక సందులో ఒకటే గది, రేకుల కప్పు. పెండ్లిళ్లు, పుట్టువెంట్రుకలు, బోనాలు, పీర్ల పండుగ, ఎలక్షన్లు, ఏది జరిగినా హారన్లు కట్టేది నాయినే. చెట్టు మీదికి ఆయన ఎక్కేవాడు, కింద తీగ చుట్ట పట్టుకొని నేను నిలబడేదాన్ని. వేపకొమ్మకు హారన్ బిగించి, ఊరి దిక్కు ఒకటి, చేన్ల దిక్కు ఒకటి తిప్పి, "హలో, హలో, ఒకటి, రెండు, మూడు" అంటే ఆ మాట ఖిలా గుట్టకు తగిలి మళ్లీ మా దగ్గరికి వచ్చేది. తిరిగొచ్చిన ఆ గొంతు నాయినది కాదనీ, గుట్టదేననీ నేను చాలా రోజులు నమ్మాను.

పొద్దున లేస్తే ఆయన మొదటి పని రికార్డులు తుడవడం. చాప మీద కూర్చొని, కవర్లోంచి రికార్డు తీసి, అంచులు మాత్రమే అరచేతులకు తగిలేటట్టు పట్టుకొని, తలుపులోంచి వచ్చే ఎండకు ఏటవాలుగా వంచి చూసేవాడు. గాడుల మీద సన్నని రంగులు పారేవి. అమ్మ పాత నూలుచీర ముక్కతో, గాడి ఎటు పోతే అటే, గుండ్రంగా తుడిచేవాడు.

"అడ్డం తుడిస్తే పాటకు దెబ్బ తగుల్తది" అనేవాడు.

సూదులు చిన్న రేకు డబ్బాలో ఉండేవి. నన్ను ముట్టనిచ్చేవాడు కాదు. ఊరు కదిలే ముందు అందరినీ అడిగే మాట ఒకటే: "సూది పెట్టిండ్రా?" దానికొక కారణం ఉంది. నేను పుట్టకముందు, డిండి దిక్కు ఒక తండాలో లగ్గానికి హారన్లు, బ్యాటరీ, రికార్డులు అన్నీ ఎడ్లబండి మీద వేసుకొని పోయాడట. డబ్బా ఇంట్లోనే ఉండిపోయింది. వెనక్కి వచ్చి తెచ్చేంత పొద్దు లేదు. ఆ రాత్రి తండా ఆడవాళ్లే చేతులు కలిపి తెల్లందాక పాడారట. ఈ ముచ్చట చెప్పినప్పుడల్లా ఆయన ముందు తలకాయ దించుకునేవాడు, తర్వాత ఆ పాటల గురించి చెప్పుకుంటూ పోయేవాడు.

ఆయనకు ఇంకో పట్టింపు ఉండేది. మైకులో ఎవరి తరఫున ఏం చెప్పినా ముందు ఊరి పేరు రావాలి. కట్నాలు చదివేటప్పుడు "కొండమల్లేపల్లి నుంచి వచ్చిన మేనమామ" అనాలి గాని, ఉట్టి మేనమామ అంటే ఒప్పుకునేవాడు కాదు. "ఊరు చెప్పకుంటే ఎవరి మాటనో ఎట్ల తెలుస్తది?"

*

ఆకాశంలోకి మనుషులు ఏవేవో పంపుతారన్న సంగతి నాకు తెలిసింది స్కైలాబ్ పడుతుందన్న వానాకాలం. 1979 జూలై. బడిలో, బాయికాడ, కల్లు కాంపౌండులో అదే మాట. మా చుట్టుపక్కల ఊళ్లలో కొందరు మేకలను అగ్గువకు అమ్మేశారు. కొందరు కోళ్లన్నీ కోసుకొని తిన్నారు. ఉన్నన్ని రోజులు తిందామని. నాయినకు మాత్రం చేతినిండా పని. ఊరూరా భజనలు పెట్టించారు, పొద్దుమూకితే ఏదో ఒక ఊరికి హారన్లు పోయేవి.

మా సైన్సు సారు ఒక సాయంత్రం దుకాణానికి వచ్చి, బెంచీ మీద కూర్చొని వివరంగా చెప్పాడు. అది అమెరికావాళ్లు 1973లో పైకి పంపిన ఇల్లు లాంటిదనీ, 77 టన్నుల దాకా బరువనీ, మూడు జట్ల మనుషులు వెళ్లి ఉండి వచ్చారనీ, ఇప్పుడు అందులో ఎవరూ లేరనీ. నాయిన హారన్‌కు నట్టు బిగిస్తూ వింటున్నాడు.

"సారూ, అండ్ల ఏమేం పెట్టి పంపిండ్రు?"

సారు ఆలోచించి, "సాలెపురుగులను గూడ పంపిండ్రు" అన్నాడు.

అది నిజమే. అమెరికాలో ఒక హైస్కూలు పిల్ల అడిగిందట, బరువు తెలియని చోట సాలెపురుగు గూడు అల్లగలదా అని. అరబెల్లా, అనిత అని పేర్లు పెట్టి రెండిటిని తీసుకుపోయారు. మొదట అల్లిన గూడు వంకరటింకరగా వచ్చింది. ఎటు కింద, ఎటు మీద అన్నది వాటికి అందలేదు. కొన్ని రోజులకు అలవాటుపడి, ఇక్కడ అల్లినట్టే చక్కగా అల్లాయి. రెండూ ప్రాణాలతో తిరిగి రాలేదు.

గడపలో కూర్చొని మక్కకంకి ఒలుస్తున్న నాయినమ్మ తల ఎత్తకుండానే అన్నది. "యాడికి తోలితే ఆడ ఇల్లు కట్టుకుంటది అది. దాన్నేం జూస్తరు?"

స్కైలాబ్ మా మీద పడలేదు. హిందూ మహాసముద్రంలో, ఆస్ట్రేలియా పడమటి దిక్కున పడింది. మేకలు అమ్ముకున్నవాళ్లు చాలా రోజులు బాధపడ్డారు. నాయినకు మాత్రం ఆ ప్రశ్న ఉండిపోయింది. రేడియోలో రాకెట్టు మాట వినబడితే చాలు, నా వైపు తిరిగేవాడు. "ఏం పెట్టి పంపిండ్రు, బిడ్డా?"

*

రెండేళ్లకు యాపిల్ ఉపగ్రహం వచ్చింది. మన దేశం చేసుకున్న మొదటి సమాచార ఉపగ్రహం అది, 1981లో పైకి పోయింది. దాన్ని పరీక్ష కోసం ఎడ్లబండి మీద ఎక్కించిన ఫొటో ఉంది. మోటారు బండి ఇనుము యాంటెన్నా పరీక్షకు అడ్డమొస్తుందని చెక్కబండి పెట్టారు. ఆ ఫొటో పేపర్లో కంటబడిన రోజు నాయిన దాన్ని కత్తిరించి, అన్నం మెతుకులతో దుకాణం గోడకు అంటించాడు. వచ్చిన ప్రతి మనిషికీ చూపించేవాడు. "సూడుండ్రి, మన మైకు బండి లెక్కనే!" బండి మీద బరువైనదాన్ని కుదుపు లేకుండా ఎట్లా తీసుకుపోవాలో ఆయనకు తెలుసు. కింద వరిగడ్డి పరచాలి, చక్రాలకు ఆముదం పెట్టాలి, బండి వెనక ఒక మనిషి నడవాలి. వాళ్లు కూడా అట్లనే చేసి ఉంటారని ఆయన నమ్మకం.

1984 ఏప్రిల్‌లో రాకేశ్ శర్మ అంతరిక్షంలోకి పోయినప్పుడు నాయిన రేడియోను ఆంప్లిఫయర్‌కు కలిపి, దుకాణం ముందర హారన్ పెట్టాడు. ఎండ మండిపోతున్నా సందు నిండా జనం. సోడాబండి అతను గోలీలు కొట్టడం ఆపేశాడు. రాకేశ్ శర్మ కోసం మైసూరులో ఉన్న రక్షణ ఆహార పరిశోధనశాల వాళ్లు మన తిండి తయారుచేసి పంపారని తెలిసి, మా అమ్మ ఆ ఒక్క ముక్కే పట్టుకున్నది.

"ఏం జేసి పంపిండ్రట?"

"హల్వా, అమ్మా."

"ఎవరో బుద్ధిమంతులే. హల్వా అయితే రాలదు."

అమ్మ మాటలో ఎంత సత్యం ఉందో చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. 1965లో జెమిని 3 అనే అమెరికా అంతరిక్ష నౌకలో పోయిన జాన్ యంగ్, ఎవరికీ చెప్పకుండా జేబులో మాంసం పెట్టిన రొట్టె దాచుకొని పోయాడు. పైన బయటికి తీసి, తోటివాడికి ఇచ్చాడు. ఆయన ఒక ముక్క కొరికేసరికి తునకలు లేచి గాలిలో తేలడం మొదలుపెట్టాయి. యంత్రాల సందుల్లోకి పోతే ప్రమాదమని వెంటనే మళ్లీ జేబులో పెట్టేసుకున్నారు. కిందికి వచ్చాక దాని మీద పెద్ద రాద్ధాంతమే జరిగింది. ఇది చెబితే అమ్మ, "దూరం పోయెటోనికి సద్ది ఎట్ల గట్టాల్నో ఆడోళ్లను అడిగితే జెప్పేది గద" అన్నది. మొన్న 2025లో శుభాంశు శుక్లా అంతరిక్షంలోకి పోయినప్పుడు క్యారట్ హల్వా, పెసరపప్పు హల్వా, మామిడి రసం తీసుకుపోయాడు. అమ్మకు ఫోన్‌లో చెబితే, నలభై ఏళ్ల కిందటి మాట మళ్లీ అన్నది: "హల్వా రాలదు."

*

క్యాసెట్లు వచ్చాయి. ఏడాదిలో అంతా మారిపోయింది. పెండ్లివాళ్లే ఇంటి నుంచి క్యాసెట్ తెచ్చి, ఇది పెట్టు అనేవాళ్లు. రికార్డులు కొనేవాడు లేడు, అడిగేవాడు లేడు. నాయిన పొద్దున్నే తుడవడం మాత్రం మానలేదు. ఎవరికోసం తుడుస్తున్నాడో మేము అడగలేదు.

అప్పుడు నేను నల్లగొండలో డిగ్రీ చదువుతున్నాను. అమెరికావాళ్ల అంతరిక్ష నౌక వాయేజర్ 2 నెప్ట్యూన్ గ్రహం దాకా పోయిన ఏడాది, 1989. లైబ్రరీలో ఒక పత్రికలో దాని మీద వ్యాసం చదివి, ముఖ్యమైనవి నోటుబుక్కులో ఎక్కించుకొని, శనివారం సాయంత్రం బస్సెక్కాను. నాయిన దుకాణం మూసే వేళకు చేరాను.

"నాయినా, రికార్డు పంపిండ్రు."

"యాడికి?"

"పైకి. 1977లో, రెండు వాయేజర్ నౌకల మీద. ఒకటి గాదు, రెండు."

ఆయన షట్టరు సగంలో వదిలేసి వచ్చి కూర్చున్నాడు. నేను చదివాను. పన్నెండు అంగుళాల రాగి రికార్డు, మీద బంగారు పూత. కార్ల్ సాగన్ అనే శాస్త్రవేత్త, ఆయన తోటివాళ్లు కూర్చొని, అందులో ఏముండాలో ఎంచారు. వాన, ఉరుము, కప్పలు, కీచురాళ్లు, కుక్క అరుపు, గుర్రపు బండి, రైలు, పసిబిడ్డతో తల్లి మాట. ఇరవైఏడు పాటలు, వాద్యాలు. మన దేశం నుంచి కేసర్‌బాయి కేర్కర్ పాడిన భైరవి. నూటపదిహేను బొమ్మలను కూడా గాడుల్లోనే చప్పుడుగా మార్చి పెట్టారు. వాయేజర్ 1 సెప్టెంబరులో పైకి పోయింది. అదే నెలలో కేసర్‌బాయి కన్నుమూసింది.

నాయిన అంతా విని మొదట అడిగింది ఇది.

"సూది పెట్టిండ్రా?"

నాకు తెలియదు. నేను రాసుకోలేదు. ఆదివారమంతా ఆయనకు అదే దిగులు. "రికార్డు పంపి సూది మరిస్తే ఏం ఫాయిదా? ఆడ ఎవరు దెచ్చిస్తరు?" నేను సోమవారం కాలేజీకి పోకుండా నేరుగా లైబ్రరీకి పోయి ఆ వ్యాసం మళ్లీ తీశాను. సూది పెట్టారు. సూది, దాన్ని పట్టి ఉంచే కార్ట్రిడ్జి, రెండూ రికార్డుతోపాటే ఉన్నాయి. ఎట్లా పెట్టాలో మూత మీద బొమ్మలు చెక్కి చూపించారు. ఒక కార్డు ముక్క రాశాను: "నాయినా, సూది పెట్టిండ్రు. నువ్వు ఫికరు చేయకు." ఆ కార్డు సందుగలో, రేకు డబ్బా కింద, మడత కూడా పడకుండా ఉన్నది.

*

ఆ రికార్డులో యాభైఐదు భాషల్లో పలకరింపులున్నాయి. అందులో తెలుగు ఒకటని అప్పుడు నేను చదివింది ఆయన నమ్మలేదు. నమ్మించడానికి నా దగ్గర వినిపించేది ఏమీ లేదు. దుకాణం మూసేసిన చాలా ఏళ్లకు, నా చేతికి మంచి ఫోన్ వచ్చాక, ఒక దసరాకు ఇంటికి పోయి ఆయన చెవి దగ్గర పెట్టాను. అప్పటికే కుడిచెవి సరిగ్గా వినబడేది కాదు. ఎడమచెవికి ఆనించాను.

నమస్తే అని మొదలై, తెలుగు మాట్లాడే జనం తరఫున శుభాకాంక్షలు చెప్పే గొంతు. కొన్ని సెకన్లే. అయిపోయింది.

"ఇంకోపారి."

ఏడెనిమిదిసార్లు పెట్టించుకున్నాడు. కళ్లు మూసుకొని, రికార్డు మీద గీత పడిందేమోనని వినేవాడు చూడు, అట్లా విన్నాడు. తర్వాత కళ్లు తెరిచి, "ఊరు చెప్పలే" అన్నాడు.

అప్పుడు నేను మూత బొమ్మను పెద్దది చేసి చూపించాను. ఎడమ పక్కన కిందికి, ఒక చుక్క నుంచి నలుమూలలకూ పోతున్న గీతలు. ఆ చుక్క మన సూర్యుడు. ఒక్కటి తప్ప గీతలన్నీ పల్సార్లు, అంటే లెక్క తప్పకుండా మినుకుమనే నక్షత్రాల దిక్కు పోతాయి. అట్లాంటివి పద్నాలుగు. ఏది ఎంత వేగంగా మినుకుమంటుందో గీత మీదనే రాసి ఉంది. వాటిని పట్టుకొని వెతికితే మన ఇల్లు దొరుకుతుంది.

"అయితే ఊరు చెప్పిండ్రన్నట్టే" అన్నాడు, స్థిమితపడి.

వేగం సంగతి ఆ రోజే చెప్పాను. ఆ రికార్డు నిమిషానికి పదహారు చుట్లు, పైన ఇంకో చుట్టులో మూడింట రెండు వంతులు తిరగాలి. మెల్లగా తిరిగితే ఎక్కువ సేపు పడుతుంది గనుక, తొంభై నిమిషాల సంగీతం పట్టించడానికి ఆ వేగం పెట్టారు. మామూలు రికార్డు ఒక పక్క ఇరవై, ఇరవైఐదు నిమిషాలకే అయిపోయేది కదా. భూమ్మీద ఆ వేగాన్ని కళ్లు లేనివాళ్లు వినే పుస్తకాల లాంటి మాటల రికార్డులకు వాడేవాళ్లు. మా దేవరకొండకు అవి రాలేదు.

ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత మంచం మీద నుంచే అటుక వైపు చూశాడు.

"పదహారు నంబరు గదేనా?"

"గదే నాయినా."

"మనకాడికి రాలే అంటి. పోయిందన్నట్టు."

*

ఆయన బూడిదను వాడపల్లిలో, కృష్ణలో మూసీ కలిసే చోట కలిపాం. ఎండాకాలం, నీళ్లు లోతుగా లేవు. తమ్ముడు మోకాళ్ల దాకా దిగి కుండ వంచాడు. ఆ క్షణంలో నాకు క్లైడ్ టాంబా గుర్తొచ్చాడు. 1930లో ప్లూటోను కనిపెట్టినవాడు ఆయనే. చనిపోయిన తర్వాత ఆయన చితాభస్మంలో కొద్దిగా, ముప్పై గ్రాములకు లోపే, న్యూ హారిజన్స్ నౌకలో పెట్టి 2006లో పంపారు. 2015లో అది ప్లూటో పక్కనుంచి పోయింది. తాను దూరం నుంచి చుక్కగా చూసిన చోటికి ఆయన అట్లా చేరాడు.

తమ్ముడి కొడుకు రాకెట్ల పిచ్చివాడు. 2018లో అమెరికావాళ్లు రాకెట్టులో కారును పైకి పంపినప్పుడు వాడు రాత్రంతా మేలుకొని చూశాడు. చూడ్డానికి బాగానే ఉంది గాని నా మనసుకు అది పట్టలేదు. ఒక తండ్రి చంద్రుని మీద వదిలి వచ్చిన ఫొటో నాకు ఇంతకన్నా పెద్దది. 1972లో అపోలో 16లో పోయిన చార్లీ డ్యూక్ తన భార్య, ఇద్దరు కొడుకులతో దిగిన ఫొటోను ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఆ మట్టి మీద ఉంచి వచ్చాడు. దాని వెనక రాసింది కూడా ఉంది. భూమి నుంచి వచ్చిన వ్యోమగామి డ్యూక్ కుటుంబం ఇది అని. అక్కడి ఎండకు బొమ్మ ఎప్పుడో వెలిసిపోయి ఉంటుంది. కాని ఆయన ఊరు చెప్పాడు. మా నాయిన వింటే తల ఊపేవాడు.

నాయిన లేని మొదటి సంక్రాంతికి ముందు మరో వార్త వచ్చింది. మన ఇస్రోవాళ్లు 2024 డిసెంబరు ఆఖరున శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీలో ఎనిమిది అలసంద గింజలను పంపారు. అలసందలంటే మా దిక్కు బొబ్బర్లు. నాలుగు రోజుల్లో అవి మొలకెత్తాయి, తర్వాత ఆకులు కూడా వేశాయి. అమ్మకు చెప్పాను. ఆమె చేతిలో చాట ఉంది.

"మన బొబ్బర్లేనా?"

"మన బొబ్బర్లే."

చాటలోంచి ఎనిమిది గింజలు ఏరి, అరచేతిలో పెట్టుకొని, చాలాసేపు చూసింది. తర్వాత వాటిని మళ్లీ చాటలో కలపలేదు. కొంగు ముడిలో కట్టుకున్నది.

*

ప్లేయరును నల్లగొండలో పాత రేడియోలు బాగుచేసే ముసలాయన దగ్గరికి తీసుకుపోయాం. మోటారు నుంచి పళ్లేనికి తిరుగుడు అందించే రబ్బరు చక్రం రాయిలాగా గట్టిపడిపోయింది. ఆయన ఎక్కడినుంచో ఇంకొకటి వెతికి వేశాడు. డబ్బులివ్వబోతే, మా నాయిన పేరు చెప్పి, సగమే తీసుకున్నాడు.

ఇంటికి తెచ్చి, నడింట్లో పీట మీద పెట్టాం. మీట 16 మీదికి జరగడానికి మొరాయించింది. ఎన్నడూ ఆ దిక్కు పోలేదు కదా. మెల్లగా నెట్టాను. టక్కున కూర్చున్నది. పళ్లెం కదిలింది. మేనల్లుడు ఫోన్‌లో టైము చూశాడు. పది చుట్లకు ముప్పైఆరు సెకన్లు. అంతే రావాలి. వాయేజర్ 1 ఇప్పుడు దాదాపు 2,500 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంది. మన మాట దానికి చేరడానికి ఇరవైమూడు గంటలు దాటుతుంది. దాని పక్కకు బిగించిన రికార్డు మాత్రం తిరగడం లేదు. సూది పక్కన పెట్టుకొని ఊరికే పోతున్నది.

మేము రికార్డు పెట్టలేదు. ఉట్టి పళ్లెమే తిరుగుతున్నది. మోటారు వేడెక్కి, మెల్లగా ఆ దుమ్ము వాసన లేచింది. అమ్మ మంచంలోంచి లేచి కూర్చున్నది.

"పాట రాదేందే? సూది పెట్టినవా?"

"పెడ్త అమ్మా" అని, రేకు డబ్బా మూత తీశాను.